అత్త గీసిన ముఖం

పోయిన నెల హయత్‌నగర్‌లో మా మనవరాలి కొత్త ఇంట్లో అల్మారాకు అద్దాలు బిగించడానికి ఒక పనివాడు వచ్చాడు. నేను పక్క గదిలో మంచం మీద కళ్లు మూసుకొని ఉన్నాను. కిర్రుమని సన్నటి చప్పుడు, ఆ వెంటనే టక్కుమని అద్దం రెండుగా విడిపోయిన చప్పుడు వినిపించాయి. నాకు తొంభై దాటాయి, చేతికర్ర లేనిదే లేవను. ఆ రోజు కర్ర మాట మరిచిపోయి గుమ్మం దాకా వచ్చేశాను. "ఇంకోసారి కొయ్యి బిడ్డా, ఇంటా" అన్నాను. అతను నా వంకా మనవరాలి వంకా చూసి, పనికిరాని ముక్క ఒకటి వెతికి నా కోసం మళ్లీ కోశాడు. "అమ్మమ్మా, గిదేమన్న పాటా?" అని మనవరాలు నవ్వింది. ఏం చెప్పను? ఇబ్రహీంపట్నంలో నేను కాపురానికి వచ్చిన ఇంట్లో రోజూ తెల్లవారగానే వినిపించింది ఆ చప్పుడే.

మా అత్త అద్దం మీద బొమ్మలు వేసేది. నాకు అత్తగారు కాకముందే మేనత్త, మా బాపుకు అక్క. మామయ్య పట్నంలో ఒక పటాలు కట్టే దుకాణంలో పనిచేసేవాడట. అద్దాల మీద దేవుళ్లను గీయడం ఆయన విద్య. ఏదో విషజ్వరం వచ్చి వారంలో పోయాడు. అత్త కొడుకును వెంటబెట్టుకొని, ఆయన కుంచెలూ రంగులూ రెండు డజన్ల అద్దాలూ వరిగడ్డిలో చుట్టి ఎడ్లబండి మీద ఊరికి తెచ్చుకుంది. దారిలో ఒక అద్దం పగిలింది. మామయ్య గురించి ఆమె మాట్లాడగా నేను పెద్దగా వినలేదు కానీ, ఆ పగిలిన అద్దం గురించి మాత్రం చివరిదాకా చెబుతూనే ఉండేది. బండివాడి పేరు, ఎడ్ల రంగు, గుంత ఎక్కడ వచ్చిందీ, అన్నీ.

ఆడమనిషి పటాలు గీయడమేమిటని మొదట్లో ఊళ్లో గొణిగారట. ఆరు నెలలు తిరిగేసరికి గొణిగినవాళ్ల ఇళ్లలోనే ఆమె గీసిన లక్ష్మీదేవులు వెలిశారు. హిందువులకు దేవుళ్లు, క్రైస్తవులకు యేసుప్రభువు, ముసల్మానుల ఇళ్లకు బేగడ అతికించి మెరిపించిన ఉర్దూ అక్షరాలు. ఆమెకు ఏ అక్షరమూ రాదు. పక్కింటి సాహెబు తాత, సర్కారు కొలువు చేసి పింఛను తీసుకుంటున్న పెద్దమనిషి, కాగితం మీద రాసిచ్చేవాడు. ఆమె కాగితానికి నూనె రాసి, తిరగేసి, అద్దం కింద పెట్టి చూసి దించేది. పూర్తయ్యాక ఆయన కళ్లజోడు సవరించుకొని ఒక్కో చుక్కా లెక్కపెట్టేవాడు. "నేను చదువుకొని గింత మంచిగ రాయలేను. నువ్వు చదవకుండనే రాస్తున్నవ్ బేటీ" అనేవాడు.

కొత్త కోడలిగా నాకు ఇంటిపని కంటే ఆ పని వింతగా ఉండేది. కాగితం మీద మనిషిని గీస్తే ముందు ముఖం గీసి, తర్వాత కళ్లు పెట్టి, చివర కంటిపాప దిద్దుతాం. అద్దం మీద అంతా తిరగబడి ఉంటుంది. వెనకవైపు గీసి ముందువైపు నుంచి చూస్తారు కాబట్టి, అన్నిటికంటే పైన కనిపించాల్సింది అన్నిటికంటే ముందు వేయాలి. అందుకని మొదట ఒట్టి అద్దం మీద రెండు నల్లటి చుక్కలు పడేవి. అవి కంటిపాపలు. తర్వాత తెల్లగుడ్డు, రెప్పలు, మీసం, బొట్టు. ఒంటిరంగు ఆ తర్వాత. ఒకసారి ఒంటిరంగు పడ్డాక ముక్కు వంకర పోయిందని తెలిసినా చేసేదేమీ లేదు. దీపపు మసిలో తుమ్మజిగురు కలిపి, ఉడుత తోక వెంట్రుకల కుంచెతో ఆమె గీతలు గీస్తుంటే నేను పొయ్యి మీద పప్పు మాడబెట్టిన రోజులున్నాయి. తిట్టేది కాదు. "చూస్తే చూసినవ్ గని, జర ఊపిరి బిగబట్టి చూడు. నీ ఊపిరికి అద్దం చెమరుస్తుంది" అనేది.

నా పెళ్లయిన నాలుగు నెలలకే మా ఆయన ఇల్లు విడిచి, నిజాం మీద పోరాడే సంఘంలోకి వెళ్లిపోయాడు. అప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నీ అలాగే ఉన్నాయి. ఇంటికొక కొడుకు మాయమయ్యేవాడు, ఎక్కడికని ఎవరూ అడిగేవారు కాదు. రజాకార్లు ఒక దిక్కు, సర్కారు జవాన్లు ఒక దిక్కు. ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం పోలీసు ఠాణా అమీను మా ఇంటికి వచ్చాడు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు, ఊరివాళ్ల ముఖాలు ఎరగడు. ఫోటో అడిగాడు. మా వంశంలో ఎవరూ ఫోటో దిగలేదని అత్త చెప్పింది.

"నీ కొడుకు ఎట్లుంటడు?" అన్నాడు.

"అందరి కొడుకుల్లెక్కనే ఉంటడు సాబ్. రెండు కండ్లు, ఒక ముక్కు."

అమీను నవ్వలేదు. గోడకు ఆనించి ఆరబెట్టిన పటాల వంక చూశాడు. రాముడు, లక్ష్మి, మేకపిల్లను ఎత్తుకున్న యేసు. "దేవుణ్ణి ఎన్నడు చూడకుండనే గీస్తున్నవ్. కన్న కొడుకును గీయరాదా?" అన్నాడు. ఎనిమిది రోజుల్లో కొడుకు పటం ఠాణాకు రావాలి, రాకపోతే కోడలు రావాలి అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ కోడలు నేనే. తలుపు వెనక నిలబడి విన్నాను.

రెండు రోజులు అత్త కుంచె ముట్టలేదు. మూడో రోజు పొద్దున అద్దం కోసి, కడిగి, తుడిచి, రెండు నల్లచుక్కలు పెట్టింది. నేను పక్కనే కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, నవ్వకండి: ఆమె ఎవరిని గీస్తోందో నాకు తెలియలేదు. ఆయనతో నాలుగు నెలలు ఒకే కప్పు కింద ఉన్నాను కానీ పట్టపగలు తలెత్తి ముఖం పూర్తిగా చూసింది లేదు. ఆయన మాట, అడుగుల చప్పుడు, అన్నం కలిపే తీరు అయితే చీకట్లో కూడా చెప్పగలను. ముఖం మాత్రం చెప్పలేను. పటం ఆరాక అత్త అద్దాన్ని నా వైపు తిప్పింది. పాతికేళ్ల మనిషి. సన్న మీసం, వెడల్పాటి నుదురు, ఒక కన్ను రెండోదాని కంటే కొంచెం చిన్నది. మంచివాడిలా ఉన్నాడు.

"అత్తా, గీయన ఆయనేనా?" అన్నాను.

"నీకే తెల్వకుంటే అమీనుకేం తెలుస్తది?" అంది అత్త.

అప్పుడు అర్థమైంది నాకు. లేని మనిషిని గీసింది. అమీను ఆ పటాన్ని గోనెపట్టాలో చుట్టి హయత్‌నగర్ దారి మీద వచ్చేపోయేవాళ్లను తనిఖీ చేసే నాకాకు పంపాడని తెలిసినప్పుడు మేమిద్దరం వంటింట్లో కూర్చొని, కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వుకున్నాం. అంత హాయిగా నవ్వుకున్నది ఆ యేడాదిలో అదొక్కసారే.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం చంకలో బిడ్డతో ఒకామె మా గుమ్మం ముందు నిలబడింది. తడిసి ముద్దయి ఉంది. తనది కోహెడ అని చెప్పింది. "ఠాణాల ఉన్న పటం గీసింది నువ్వేనా అక్కా?" అని అడిగింది. అవునంది అత్త. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఏదో తెలుసుకోకపోతే ప్రాణం పోతుందన్నట్టు అడిగింది: "నా మొగన్ని నువ్వెన్నడు చూసినవక్కా?"

ఎడ్ల బేరానికి హయత్‌నగర్ వెళ్లినవాణ్ణి నాకా దగ్గర ఆపారట. పటం పక్కన నిలబెట్టి చూశారట. అదే ముఖం. పేరు వేరని, ఊరు వేరని ఎంత మొత్తుకున్నా వినకుండా పటంతో సహా ఇక్కడి ఠాణాకు తెచ్చి నాలుగు రోజులుగా కొడుతున్నారట. అత్త గోడకు చేరగిలబడింది. "నేనెవర్ని చూసి గియ్యలేదు బిడ్డా. నా మతిల నుంచి గీసిన" అంది. ఆమె నమ్మలేదు. ఇంట్లోకి తొంగిచూసి, గోడకున్న యేసుప్రభువు పటం వైపు వేలు చూపించింది. "గసొంటిదే మా ఇంట్ల గూడ ఉన్నది. మా అత్త నీ దగ్గర్నే కొన్నది. ఆరకముందే వచ్చిండ్రని మాపటిదాంక గీ అరుగు మీద కూసోబెట్టినవంట. దాన్ని నెత్తిన పెట్టుకొని తెచ్చింది మా ఆయననే."

అత్త అరుగు వైపు చూసింది. మూడు నాలుగేళ్ల కిందటి సంగతి అయి ఉండాలి. రంగు ఆరే దాకా ఒక మనిషి ఎదురుగా కూర్చున్నాడు, అంతే. ఆమె చూశానని కూడా అనుకోలేదు. చెయ్యి మాత్రం గుర్తుపెట్టుకుంది. తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను: మనకు తెలియకుండా మనలో ఎంతమంది ముఖాలు కూర్చొని ఉంటాయో, ఎవరు పిలిస్తే లేచి వస్తాయో.

కాసేపటికి లేచి, ఆమెకు పొడి చీర ఇచ్చి, బిడ్డకు పాలు కాచమని నాకు చెప్పి, చెప్పులు వేసుకుంది. "అత్తా, ఠాణకు పోతే అబద్ధమాడినవని తెలుస్తది" అన్నాను. "తెలవనియ్యి. ఒక తల్లి కొడుకును దాచి ఇంకో తల్లి కొడుకును పట్టిచ్చిన" అంది. నేను ఆ బిడ్డ తల్లిని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, అత్త వెనకే పరుగెత్తాను.

ఠాణాకు ఆరేడు రాతిమెట్లు ఉండేవి. నన్ను కిందనే ఆగమంది. లోపలి మాటలు కిటికీలోంచి వినిపిస్తూనే ఉన్నాయి. "గీయన నా కొడుకు కాదు సాబ్" అంది అత్త. అమీను పగలబడి నవ్వాడు. "తల్లివి కాదంటవ్, అవునంటవా?" అన్నాడు. ఆమె ఒట్టు పెట్టుకుంది, వేడుకుంది. ఆమె ఎంత గట్టిగా కాదంటే అతనికి అంత గట్టిగా అవునని నమ్మకం కుదిరింది. ఆ క్షణంలో నాకు సాహెబు తాత గుర్తొచ్చాడు. అంతవరకు ఆయన ముందు నిలబడి మాట్లాడింది లేదు. వానలో పరుగెత్తి వెళ్లి, మిట్టమధ్యాహ్నపు నమాజు ముగించి లేస్తున్న మనిషికి ఒక్క గుక్కలో అంతా చెప్పాను. ఆయన పాత షేర్వాణీ తొడుక్కున్నాడు. బొత్తాలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకున్నాడు. భయపడుతున్నాడని తెలిసింది. అయినా వచ్చాడు.

"ఈమె కొడుకు నా కండ్ల ముందట పెరిగిండు అమీన్ సాబ్. గీ మనిషి వాడు కాదు. కావాల్నంటే ఖురాన్ పట్టుకొని చెప్త" అన్నాడు. సర్కారు పింఛనుదారు, నమాజీ, తెల్లగడ్డం. ఆయన మాట తీసేయడానికి అమీనుకు నోరు రాలేదు. కోహెడ మనిషిని వదిలిపెట్టాడు. అతను గోడ పట్టుకొని మెట్లు దిగడం చూశాను. వాచిన ముఖంలో కూడా, ఒక కన్ను చిన్నదని తెలుస్తూనే ఉంది.

ఆ తర్వాత అత్తను బల్ల మీద చెయ్యి పెట్టమన్నాడు. సర్కారును మోసం చేసిన చెయ్యి ఏది అని అడిగాడు. సాహెబు తాత "నక్కో, సాబ్, నక్కో" అని, వద్దని బతిమాలుతూనే ఉన్నాడు. లాఠీ దెబ్బ ఒకటి వినిపించింది, తర్వాత రెండోది. అత్త గొంతు వినిపించలేదు. బయటికి వచ్చి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకొని, ఒక్కో మెట్టూ దిగింది.

అసలు ముఖం గీసి తెమ్మని అమీను గడువు పెట్టాడు కానీ, గీసే చేతిని తానే విరగ్గొట్టుకున్నాడని అతనికి తట్టినట్టు లేదు. ఆ గడువులోనే ఆకాశంలో విమానాలు తిరిగాయి, పోలీసు చర్య వచ్చి నిజాం సర్కారు పోయింది. అమీను మామూలు బట్టలు కట్టుకొని ఎటో వెళ్లిపోయాడని చెప్పుకున్నారు. ఆ రోజుల్లో రజాకార్ల మీది కోపంతో సాహెబు తాత ఇంటి మీదికి కొందరు వస్తే, అత్త కట్టుకట్టిన చేత్తోనే వెళ్లి ఆయన గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "నా చెయ్యి ఇరిగిననాడు మీరెవ్వరు రాలే, ఈన వచ్చిండు" అంది. వాళ్లు వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

మా ఆయన మూడేళ్లకు వచ్చాడు. కొత్త సర్కారు కూడా సంఘం వాళ్లను వెతికింది కదా, పోరాటం ఆగాక గానీ ఇంటికి రాలేకపోయాడు. ఆయన వచ్చిన పూట సిగ్గు వదిలేసి నుదురు నుంచి గడ్డం దాకా కళ్లారా చూసుకున్నాను. కోహెడ మనిషితో ఒక్క పోలికా లేదు. కోహెడ దంపతులు ఏటా సీతాఫలాల కాలంలో గంప నింపుకొని వచ్చేవారు. మొదటిసారి వచ్చినప్పుడు అతన్ని అదే అరుగు మీద కూర్చోబెట్టి, అత్త అటు నుంచీ ఇటు నుంచీ చూసి, "కన్ను సరింగనే వేసిన" అని తృప్తిపడింది. అతను బిగ్గరగా నవ్వేశాడు. అత్త తల తిప్పుకొని కళ్లు తుడుచుకుంది.

కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ చాపడానికి రాలేదు. ఆమె పక్కన కూర్చొని చెబుతూ ఉంటే నేను గీశాను. అచ్చు క్యాలెండర్లు వచ్చి ఎవరికీ మా పటాలు అక్కర్లేకపోయే దాకా, పది పన్నెండేళ్లు మా ఇల్లు ఆ పని మీదే నడిచింది. నా రాముడి ముక్కు ఎప్పుడూ కొంచెం వంకర పోయేది.

ఆమె డెబ్బై దాటి బతికింది. కానీ తలచుకున్నప్పుడల్లా ఆ ఠాణా మెట్ల మీదే కనబడుతుంది. పదిహేనేళ్ల నా కళ్లకు ఆ రోజు ఆమె పెద్ద ముసలమ్మలా అనిపించింది. లెక్క వేసుకుంటే నలభై కూడా నిండలేదు. ఇప్పుడు ఆ మెట్ల మీద ఎదురైతే, వయసులో పెద్దదాన్ని కాబట్టి, నేనే రెండు మెట్లెక్కి "జర నిమ్మళంగ, బిడ్డా" అని చెప్పి ఆమెను దింపాలి.