ఊడదీయడం వరకే మన సబ్జెక్టు

జగ్గయ్యపేటలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పే ప్రేమానందం మాస్టారికి ఒకటే జబ్బు. బిగించి ఉన్న వస్తువు కంటబడితే ఊడదీయకుండా ఉండలేరు. మిగతా మాస్టార్ల చొక్కా జేబులో కలం ఉంటే ఆయన జేబులో స్క్రూడ్రైవరు ఉండేది. కలం కావలసి వస్తే పక్కవాళ్లని అడిగేవారు.

ఊడదీయడంతో సరిపోతే ఎవరూ ఏమీ అనేవారు కాదు. తంటా అంతా తిరిగి బిగించే దగ్గర వచ్చేది. ముక్కలన్నీ ఒక పళ్లెంలో వరసగా పేర్చి, చేతులు దులుపుకుని, "ఊడదీయడం వరకే మన సబ్జెక్టండీ. బిగించడం సిలబస్‌లో లేదు" అనేవారు. అందుకని ఆయన వస్తున్నారంటే పేటలో గడియారాలు బీరువాల్లోకీ, రేడియోలు దుప్పట్ల కిందకీ వెళ్లిపోయేవి. ఒకసారి చుట్టపుచూపుగా వెళ్లిన ఇంట్లో, లోపలినుంచి కాఫీ వచ్చేలోగా కుట్టుమిషను ఊడదీసి పెట్టారు. ఆ ఇంటావిడ కాఫీ గ్లాసు వెనక్కి తీసుకుపోయింది.

అందరికన్నా ఎక్కువ నష్టపోయినవారు హెడ్మాస్టరు వెంకటరత్నం గారు. ఆయన అలారం గడియారం మూడుసార్లు మాస్టారి చేతిలో పడింది.

"ఏమండీ, మీ చేతులు ఊరికే ఉండలేవా?"

"అలారం గొంతు బొంగురుపోయిందండి. ఎందుకో చూద్దామనీ..."

"చూసారుగా! ఇంక బిగించండి."

"అది సిలబస్‌లో లేదండి."

"మరెవరు బిగిస్తారయ్యా?"

"ఎనిమిదో తరగతిలో కృపావతి ఉంది కదండీ!"

కృపావతి కూలిపనికి వెళ్లే ఏలీయా కూతురు. మూడేళ్లప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది. చేతికర్ర ఊతంగా నడిచేది. కాలు నెమ్మదే గానీ నోరు మాత్రం కాదు. డ్రిల్లు పీరియడ్లో అందరూ మైదానానికి పోతే ఆ పిల్ల ఒక్కతే క్లాసులో గోడలు చూస్తూ కూర్చునేది. అలా కూర్చున్న ఒక రోజున మాస్టారు వచ్చి గడియారం ముక్కల పళ్లెం ఎదురుగా పెట్టారు.

"దీన్నేం చెయ్యాలి మాస్టారూ?"

"నన్నడిగితే? తెలిస్తే నేనే చేసేవాణ్ణిగా!"

మొదటిసారి బిగించడానికి పదకొండు రోజులు పట్టింది. రెండోసారి నాలుగు రోజులు. మూడోసారి డ్రిల్లు పీరియడు అయ్యేలోపు అలారం ఖణేల్‌మంది. హెడ్మాస్టరు గారు పరుగున వచ్చి గడియారాన్ని చంకలో పెట్టుకుని పోయారు. ఇంత చదివిన మనిషికి ఇంత చిన్న పని రాకపోవడమేమిటని కృపావతికి జాలేసేది. పాపం, మాస్టారి పరువు తనే కాపాడాలనుకుని మరింత శ్రద్ధగా బిగించేది.

ల్యాబ్ బల్లలు నిలబడి పనిచేసేవాళ్ల ఎత్తుకు చేయించినవి, కూర్చుంటే కృపావతికి అందవు. "ఆ అమ్మాయి ప్రయోగాలు చెయ్యకపోతే మునిగిపోయిందేముంది, చూస్తూ కూర్చోమనండి" అన్నారు హెడ్మాస్టరు. మర్నాడు చూస్తే బల్లల కాళ్లన్నీ ఊడి ఓ మూల కట్టగా ఉన్నాయి. బల్లచెక్కలు ఇటుకల మీద జానెడెత్తున పరుచుకుని ఉన్నాయి.

"ప్రేమానందం గారూ! ఏంటీ ఘోరం?"

"బోల్టులు వదులుగా ఉన్నాయేమోనని చూసానండి."

"బిగించండి!"

"అది..."

"సిలబస్‌లో లేదు. తెలుసు!"

ఆ ఏడాది మొదలు స్కూలు స్కూలంతా నేలమీద బాసింపట్లు వేసుకుని ప్రయోగాలు చేసింది. అందరితోపాటు కృపావతీ చేసింది. ఆ కాళ్లు బిగించే పని మాత్రం మాస్టారు ఆమెకు ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు.

అలా నాలుగేళ్లలో పేటలో ఆయన ఊడదీసిన మిగతావన్నీ ఆమె బిగించింది. ఎస్సెస్సెల్సీ మంచి మార్కులతో ప్యాసయింది. రేడియో డిప్లొమాకు దరఖాస్తు పెట్టింది. అరవై రెండు మే నెలలో ఎంపిక కమిటీ నందిగామ ట్రావెలర్స్ బంగళాలో దిగింది. ముగ్గురు పెద్దమనుషులు, ముగ్గురికీ కోట్లు, వాళ్ల ప్రాణానికి దిక్కుగా ఒక్క టేబుల్ ఫ్యాను. అది కిర్రు కిర్రుమంటూ తిరుగుతోంది. కృపావతికి తోడుగా మాస్టారు వెళ్లారు.

ఆ ముగ్గురూ కర్ర చూశారు, కాలు చూశారు. మార్కుల కాగితం మడత కూడా విప్పలేదు. ఒళ్లు మండదా మరి?

"వర్క్‌షాపులో రోజుకు ఆరుగంటలు నిలబడాలమ్మా. నీవల్ల కాదు" అన్నాడు పెద్దాయన. "ఏ కుట్టుమిషనో నేర్పించండి మాస్టారూ, ఇంట్లో కూర్చుని చేసుకుంటుంది."

మాస్టారు ఫ్యాను వంక చూశారు. కృపావతి "ఇక్కడొద్దు మాస్టారూ" అని చెయ్యి పట్టుకోబోయింది.

"ఈ ఫ్యానెందుకండీ ఇలా అరుస్తోంది?" అంటూ ఆయన ప్లగ్గు లాగేశారు. ఎవరో "ఆఁ" అనేలోగా జాలీ ఊడింది. "ఆగండి" అనేలోగా రెక్కలు ఊడాయి. పెద్దాయన కుర్చీలోంచి లేచేసరికి మోటారు నోరు తెరుచుకుని బల్లమీద ఉంది.

"బిగించవయ్యా బాబూ! చచ్చిపోతున్నాం!"

"ఊడదీయడం వరకే మన సబ్జెక్టండీ."

వాచ్‌మన్‌ను పిలిచారు. "మెకానిక్కు బెజవాడ పోయాడండి. సోమవారం గానీ రాడు" అన్నాడతను. ఆ రోజు శుక్రవారం. కోట్లు ఒక్కొక్కటే కుర్చీల వెనక్కి చేరాయి.

కృపావతికి మాస్టారి మీదా కోపమొచ్చింది, వాళ్ల మీదా వచ్చింది. వాళ్ల మీది కోపమే గెలిచింది. కర్ర గోడకు ఆనించి, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. సంచిలోంచి చిన్న నూనెసీసా తీసింది.

"ఇది కుట్టుమిషను నూనేనండి. నాకు కుట్టడం రాదు గానీ పేటలో తొమ్మిది మిషన్లు బాగుచేసా."

మోటారు ఇరుసు తిరిగే బుష్షులో దుమ్ము తుడిచి, రెండు చుక్కల నూనె వేసి, రెక్కలు బిగించి, జాలీ పెట్టి ప్లగ్గు తగిలించింది. ఫ్యాను కిక్కురుమనకుండా తిరిగింది. ముగ్గురూ కళ్లు మూసుకుని గాలి తాగారు.

"కూర్చుని బిగించానండి. గాలేమన్నా తక్కువొస్తందా?"

"గాలి బాగానే ఉందమ్మా. కానీ రూల్సు..." అని నసిగాడు పెద్దాయన.

కృపావతి ప్లగ్గు లాగేసింది.

"నిలబడే చెయ్యాలని ఏ రూల్లో ఉందో చూపించండి. చూపించిందాకా ఇది తిరగదండి."

వాళ్లు రూల్సు పుస్తకం తిరగేశారు. చెమట కాగితాలమీద కారింది. ఆ మాట ఎక్కడా లేదు. ఉంటే కదా! చివరికి పెద్దాయన మార్కుల కాగితం మడత విప్పి, చదివి, నోరెళ్లబెట్టి, పేరు రాసుకున్నాడు. రాసిన అక్షరాలు సరిచూసుకున్నాకే ఆమె ప్లగ్గు పెట్టింది.

జూన్‌లో బెజవాడ బయల్దేరే ముందు చెప్పి వెళ్దామని కృపావతి మాస్టారింటికి వెళ్లింది. మాస్టారు తలుపు వైపు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. ఎదురుగా హెడ్మాస్టరు గారి అలారం గడియారం, నాలుగోసారి ఊడదీసింది. ఆయన వేళ్లు చకచకా కదులుతున్నాయి. కళ్లు కిటికీలోంచి పెరటి మీద ఉన్నాయి. చూడకుండానే చక్రాలు బిగిస్తున్నారు.

"మాస్టారూ!"

ఆయన దొంగతనంగా బెల్లం తింటూ దొరికిన పిల్లాడిలా ఉలిక్కిపడ్డారు. ఆయన భార్య సౌభాగ్యమ్మ వంటింట్లోంచి నవ్వింది.

"దొరికారా? యుద్ధంలో నాలుగేళ్లు వైర్‌లెస్ సెట్లు బాగుచేసిన మనిషమ్మా. ఈ గడియారం ఒక లెక్కా?"

కృపావతి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "మరి నాలుగేళ్లూ ఊరందరిచేతా ఎందుకండీ తిట్లు తిన్నారు?"

"నేను బిగిస్తే నీ దగ్గరికెవరొస్తారే?" అన్నారాయన తల గోక్కుంటూ. "నువ్వెళ్లిపోతున్నావు గదా అని ఇది కానిచ్చేస్తున్నా. ఎవరితోనూ అనబాక. మార్తమ్మని ఓ పిల్ల ఈ ఏడే ఎనిమిదిలో చేరింది. రెండు చెవులూ వినపడవు. సైన్సు ఎందుకంటున్నారు దానికి."

కృపావతి కళ్లు తుడుచుకుని గడియారం వంక చూసింది. మాటల్లోనే ఆయన వేళ్లు బిగించడం పూర్తిచేశాయి, అది టిక్కుటిక్కుమంటోంది. ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కుని వెనక మూత తీసింది. చక్రం తర్వాత చక్రం ఊడదీసి, పళ్లెంలో వరసగా పేర్చింది.

"అయ్యయ్యో, ఇప్పుడేగా బిగించిందీ! రేపు హెడ్మాస్టరు గారికి ఇవ్వాలే!"

"మార్తమ్మకివ్వండి" అంది కృపావతి చేతులు దులుపుకుని. "ఊడదీయడం వరకే మన సబ్జెక్టండీ."