చర్చి గోడకు అంటిన ఎరుపు

మా వదిన నాకంటే మూడు నెలలు పెద్ద. మేనమామ కూతురు. నాకంటే ముందొచ్చి ఆ మూడు నెలల్లో ఏం సాధించిందో తెలియదు కానీ, నేను ఏ బస్సు ఎక్కినా కిటికీ పక్క సీటులో ఆమె ముందే కూర్చుని ఉంటుంది. ఆమెది తెలుపు రంగు, నాది మలేసియాలో మా ఊరు బంటింగ్ ఎండ రంగు. మా ఇంట్లో దీన్ని అసూయ అనరు. నా పక్కన ఆమెను నిలబెట్టి చూసి, పోలిక అంటారు.

ఇద్దరం ఒకే కాలేజీలో చరిత్ర చదివాం. తరవాత ఆమె ట్యూషన్లు చెప్పుకుంది. నేను పోర్ట్ క్లాంగ్ రేవులో ఒక గోదాములో పెట్టెలకు లేబుళ్ళు అతికించాను. ఆ రోజుల్లో మా పాత మాస్టారు కబురు చేశారు. తీరానికి గంట దూరంలో ఒక చిన్న దీవి మీద, ఎప్పుడో ఓడల్లో వచ్చినవాళ్ళు కట్టుకున్న తొలినాటి చర్చిల పునాదులు తవ్వుతున్నారట. మూడు వారాల పని. అయ్యాక మా ఇద్దరిలో ఒకరిని యూనివర్సిటీ ల్యాబులో ఉంచుకుంటామన్నారు. ల్యాబులోనూ లేబుళ్ళు అతికించడమేనని తరవాత తెలిసింది. అయినా ఆ ఉద్యోగం నాకు కావాలి. నాకు రావాలన్నది ఎంత నిజమో, ఆమెకు రాకూడదన్నదీ అంతే నిజం.

బయల్దేరే ముందు అమ్మమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి చేతిలో గోధుమరంగు మందు సీసా పెట్టింది. లోపల పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు. రబ్బరు ఎస్టేటులో కొత్తగా నేల తవ్వితే మావాళ్ళు దిష్టి తగలకుండా ఇవే పోసేవారట. అది వేరే దేవుడి గుడి కదా అంటే, దిష్టికి దేవుడితో పనేమిటంది. మాట చివర ‘లా’ అని ఇక్కడి తోక తగిలించడం మా ఇంటి తెలుగు అలవాటు.

"ఎవురూ తొక్కని మూల పొయ్యి లా. ఎవురికీ సెప్పకు."

ఎవరికీ అంటే వదినకని అర్థం చేసుకుని మురిసిపోయాను.

ఈ తవ్వకంలో గునపాలుండవు. నేలను తాళ్ళతో చదరాలుగా విడదీసి తలా ఒకటి ఇస్తారు. తాపీతో వేలి మందం చొప్పున మట్టి గీకాలి, గీకింది జల్లెడ పట్టాలి, ఏది కనిపించినా కదపకుండా మాస్టారును పిలవాలి. చదరంలోకి బయటి వస్తువేదీ చేరకూడదన్నది మొదటి నియమం. ఆ మొదటి నియమం మాస్టారు రెండో రోజు చెప్పారు. మొదటి రోజు టీ విరామంలోనే నేను నా చదరం ఈశాన్య మూల జానెడు గుంత తీసి, సీసా ఒంపేసి, మట్టి కప్పేశాను.

నా చదరానికి బాదం చెట్టు నీడ ఉంది. వదినది మిట్ట ఎండలో. రెండో రోజు సాయంత్రానికి ఆమె బుగ్గలు కందిపోయాయి. మాస్టారు జాలిపడి మా చదరాలు మార్చేశారు. నేనూ కందే ఉంటాను, కానీ నా రంగులో అది బయటికి కనిపించదు.

రెండో వారానికి నీడలో, ఇప్పుడు వదినదైన చదరంలో గోడ బయటపడింది. ఎర్రరాతి గోడ, మీద గవ్వలు కాల్చి చేసిన సున్నం పూత. నా చదరంలో ఒక పీత దొరికింది. ప్రాణంతో ఉంది, చారిత్రక ప్రాధాన్యం లేదు. దిష్టి తీసింది నేను, కలిసొచ్చింది ఆమెకు.

తరవాత ఆ చదరం ఈశాన్య మూల, గోడ పూత మీద ఎర్రటి మరక కనిపించింది. అక్కడ మట్టి వదులుగా ఉందని వదిన అంటే, పీతలు తొలిచి ఉంటాయన్నారు మాస్టారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని మరకకు ముఖం ఆనించినంత దగ్గరగా చూశారు. ఇక్కడ తవ్విన గోడలన్నీ తెల్లనివే, రంగు వేసిన గోడ ఇదే మొదటిదేమో అన్నారు. వదిన రంగు పెన్సిలు తీసి, నాలుక బయటపెట్టి, ఆ మరకను కాగితం మీదికి దించుతోంది. నేను చూడగానే గుర్తుపట్టాను. ఆ ఎరుపును చిన్నప్పటి నుంచీ దిష్టి పళ్ళెంలో చూస్తున్నాను.

భోజనాల దగ్గర కూర్చుని ఆలోచించాను. నేను నోరు మూసుకుంటే చాలు. ల్యాబులో పరీక్ష చేస్తారు, పసుపని తేలుతుంది, చదరం ఎవరిదో కాగితాల్లో ఉంది. ఆమె పరువు పోతుంది, ఉద్యోగం నాకొస్తుంది. ఆ ఆనందంలో అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను. అయితే నోరు మూసుకోవడం మా వంశంలో ఎవరికీ రాని విద్య.

మధ్యాహ్నం ఫోటో తీశారు. వదినను మరక పక్కన నిలబెట్టారు. ఇది ఈమె కంటికే ఆనింది, నివేదికలో ఈమె పేరు మీదే రాస్తాను అన్నారు మాస్టారు. అరికాలి మంట నెత్తికెక్కింది. నేను పోసిన నీళ్ళకు కూడా ఆమె పేరా?

ఆ ఎరుపు నాది అని మలయ్‌లో అనేశాను.

నేనే ముందు చూశానని గొడవపడుతున్నానేమో అనుకున్నారు అందరూ. పసుపు, సున్నం, అమ్మమ్మ, దిష్టి అన్నీ విప్పి చెప్పాల్సి వచ్చింది. మలయ్‌లో చెప్పేసరికి దిష్టి దొంగతనంలా వినిపించింది. మాస్టారు తిట్టలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ చదరం తాలూకు కాగితం నాకిచ్చి, ఏం చేశావో నీ చేత్తోనే రాసి సంతకం పెట్టమన్నారు. తిట్టినా బాగుండేది.

వదిన చేతిలో ఎర్ర పెన్సిలు అలాగే ఉంది. ఏడుస్తుందని ఆశగా చూశాను. ఆమె వంగి నా చెవి దగ్గర తెలుగులో అడిగింది.

"నీకూ ఇచ్చినాదేటే సీసా? నాకొక్కదానికే అనుకున్నాను."

"నీకిచ్చిందా? ఏటి సేసినావు?"

"ఏటో తీర్థమనుకున్నాను. పడవ మీంచి సీసాతోపాటే ఇసిరేసినాను లా."

సంతకం పెడుతున్నప్పుడు బాధేమీ అనిపించలేదు. ఆ రెండో సీసా మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఉద్యోగం ఆమెకే వచ్చింది. నేను మళ్ళీ గోదాములో. మొన్న వదిన ఫోన్ చేసింది. ఆ ఎర్ర సున్నం ముక్కను సంచిలో వేశారట, లేబుల్ ఆమే రాయాలట, నీళ్ళలో పసుపు ఎంతో సున్నం ఎంతో మాస్టారు అడిగారట. అమ్మమ్మను అడిగితే కంటికి ఆనినంత అందట. లేబుల్ మీద అలా రాయలేరు కదా. చిన్నప్పుడు అమ్మమ్మ పక్కన కూర్చుని కలిపింది నువ్వే కదే అంది వదిన. మొదటిసారి ఆమెకు లేనిది నా దగ్గర ఒకటి ఉంది.

పసుపు రెండు చెంచాలని చెప్పాను. సున్నం ఎంతో గుర్తు చేసుకుని చెబుతానన్నాను. ఒక మూడు నెలల్లో గుర్తొస్తుంది.