రోజీ ఏడుపు

కొన్నేళ్లుగా ఒక ఏడుపును మోస్తున్నాను. అది నాది కాదు. అందుకే ఇంత బరువు. ఎరువు సొమ్ము బరువు చేటు అని మా నాన్నమ్మ అంటుంటే నవ్వేదాన్ని. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

నేను జపాన్ కార్టూన్ సీరియళ్లకు తెలుగులో గొంతు ఇస్తాను. తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఒక పిల్లవాడి పాత్రతో నాకు పేరొచ్చింది. నిజానికి వాడి మాటలతో కాదు, వాడి ఏడుపుతో.

పుట్టి పెరిగింది భిలాయిలో. నాన్నది స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. మా ఊళ్లో పదో తరగతి దాటిన ప్రతి పిల్లా ఇంజనీరింగ్ కోచింగుకు పోవలసిందే. నేనూ పోయాను, సీటు రాలేదు. మళ్లీ పోయాను, మళ్లీ రాలేదు. ఆ తర్వాత మేముండే సెక్టర్ 7లో తలెత్తి నడవడం మానేశాను. కూరగాయలకు వెళ్లినా ఎవరో ఒక ఆంటీ ఇప్పుడేం చేస్తున్నావని అడిగేది. ఏం చేస్తున్నాను? నాకు మిగిలింది గొంతు ఒక్కటే అనుకున్నాను. అదీ పనికిరాదంటే నేను బతికి ఏం లాభం అనిపించేది.

రోజీ వాళ్లది మా పక్క క్వార్టరు. చిన్నప్పటి నుంచీ కలిసి కార్టూన్లు చూసి ఆ గొంతులు అనుకరించేవాళ్లం. హైదరాబాదులో ఒక స్టూడియో తెలుగు గొంతుల కోసం శాంపిళ్లు అడిగిందని తెలిసి, ఇద్దరం పంపాలనుకున్నాం. ఒక డైలాగు, దాని చివర ఒక ఏడుపు. నాకు తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం రాదు, మా బళ్లో హిందీయే. రోజీ చర్చిలో వాక్యం చదివేది, తెలుగు బైబిలు గడగడా చదివేది. తను చదువుతుంటే నేను ఆ డైలాగును హిందీ అక్షరాల్లో రాసుకున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఒత్తి పలకాలో తనే నేర్పింది. వాళ్లింట్లో బీరువాకూ గోడకూ మధ్య దూరి, కంబళి కప్పుకుని, నా ఫోనులోనే ఇద్దరివీ రికార్డు చేశాం.

డైలాగు నాకు బాగానే వచ్చింది. ఏడుపు రాలేదు. ఎంత ప్రయత్నించినా దగ్గులా వినిపించింది. రోజీ ఒక్కసారే ఏడ్చింది. ముందు ఊపిరి ఎక్కడో ఇరుక్కుంది, తర్వాత గొంతు పగిలింది, ఆఖర్న చిన్న మూలుగు. కంబళి తీసి పకపకా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఇంటికొచ్చి ఆ ఏడుపు కోసి నా డైలాగు చివర అతికించాను. నాదొక్కటే పంపాను. రోజీది కూడా పంపితే ఒకే ఏడుపు రెండుచోట్ల వినబడుతుంది కదా. పిచ్చి ఆశతో చేశానని మీతో చెప్పుకుంటే నాకు కాస్త హాయిగా ఉంటుంది. కానీ పిచ్చివాళ్లకు అంత జాగ్రత్త ఉంటుందా?

ఆ పిల్లవాడి పాత్రకు నన్ను పిలిచారు. మైకు ముందు ఏడవమంటే ఏడవలేకపోయాను. గొంతు పట్టేసిందన్నాను. డైరెక్టరు విసుక్కుని, శాంపిల్లోదే పెట్టేయమన్నాడు. ఆ తర్వాత ఆ పిల్లవాడు ఏడ్చిన ప్రతిచోటా దాన్నే వాడుకున్నారు.

రోజీతో మాత్రం, నీది వాళ్లకు నచ్చలేదట అన్నాను. తను సరేనని తల ఊపింది. కొన్నాళ్లకు చర్చిలో వాక్యం చదవడం మానేసింది. తన గొంతు బాగుండదని నమ్మేసింది. నమ్మించింది నేనే.

సీరియల్ వచ్చిన మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చింది.

"ఏటే, ఆ పిల్లోడు ఏడుస్తుంటే మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చిందే! నేనే ఏడుస్తన్నాననుకుంది, ఒట్టు, కసమ్ సే."

"నువ్వే కదా నేర్పావు," అన్నాను.

"అచ్ఛా! మరి నాదెందుకు పసంద్ అవలేదే వాళ్లకి?"

"ఏమో యార్."

"పోన్లే. మనిద్దర్లో ఒకరికొచ్చింది కదా, బస్, అది చాలు," అని నా బుగ్గ గిల్లి వెళ్లిపోయింది.

తను గేటు దాటేలోపు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. రికార్డయితే ఎవరి గొంతు వాళ్లకు కొత్తగానే వినిపిస్తుంది, తను పోల్చుకోలేదు. కన్నతల్లి పోల్చుకుంది. ఆవిడ మళ్లీ ఎప్పుడు ఎదురుపడ్డా నేను తల దించుకునేదాన్ని.

మొన్న ఆవిడ పోయింది. సమాధి దగ్గర రోజీ నా భుజం మీద పడి ఏడ్చింది. ముందు ఊపిరి ఇరుక్కుంది. తర్వాత ఏమొస్తుందో నాకు తెలుసు. గొంతు పగిలింది, ఆఖర్న చిన్న మూలుగు. నేను అమ్ముకున్న ఏడుపే. అది విని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చే మనిషి మట్టిలో ఉంది. నా కంట చుక్క నీరు రాలేదు. నేనసలు ఏం మనిషిని?

రోజీకి ఇంకా చెప్పలేదు. తను తిడుతుందని కాదు నా భయం. "పోన్లే, బస్" అంటుందేమోనని.

ఇందాక తలుపు వేసుకుని, కంబళి కప్పుకుని, ఎవరూ నేర్పని మాట ఒకటి పైకి అని చూశాను. "ఆ ఏడుపు రోజీది." గొంతు బొంగురుపోయింది, మధ్యలో వణికింది. ఏ స్టూడియో వాళ్లూ తీసుకోరు దాన్ని. కానీ అది నా గొంతే.