గిరిజ కాచిన తైలం

గిరిజాకుమారి ముందుపన్ను విరగ్గొట్టింది ఆవిడ భర్త మోకాలు. ఆయన కావాలని కొట్టలేదు. పొద్దున్నే మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి దించుతుంటే తొడ కండరం ఒక్కసారిగా బిగుసుకుని, కాలు గుర్రం తన్నినట్టు పైకి లేచింది. ఆవిడ వెల్లకిలా పడింది. నోట్లో చెయ్యి పెట్టి చూసుకుంటే అరచేతిలో రక్తం, అందులో సగం పన్ను.

"నేను తన్నానా?" అన్నాడు ఆంజనేయప్రసాద్, మంచం అంచున వేలాడుతూనే.

"మీరు కాదు లెండి, మీ కాలు," అంది గిరిజ, నోరు పుక్కిలించుకుంటూ.

ఐర్లండ్‌లో ఎన్నిస్ అనే ఊళ్ళో ఒక వృద్ధాశ్రమం వంటింట్లో ఆవిడ ఉద్యోగం. చేతుల మీద, డొక్కల్లో ఎప్పుడూ కమిలిన మచ్చలే. ఒకరోజు అక్కడి మేనేజరు ఆవిణ్ణి పక్కకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, "ఇంట్లో అంతా బాగానే ఉందా? మీ ఆయన చెయ్యి చేసుకుంటాడా?" అని మెల్లిగా అడిగింది. గిరిజకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి మేనేజరుకి అనుమానం ఇంకా పెరిగింది.

వాళ్ళది తెనాలి. షానన్‌లో విమానం విడిభాగాలు పరీక్షించే ఉద్యోగం వచ్చి ప్రసాద్, నాలుగేళ్ళ కూతురితోనూ భార్యతోనూ ఇక్కడికి వచ్చి పదహారేళ్ళయింది. తొమ్మిదేళ్ళ కిందట కాలు మొద్దుబారడంతో మొదలైంది జబ్బు. నరాల మీద పొర ఊడిపోయే జబ్బు, మల్టిపుల్ స్క్లెరోసిస్. మాత్రలు పెంచితే ఆయన మెడ నిలబడేది కాదు, మాట ముద్దయిపోయేది. తగ్గిస్తే కాళ్ళు తన్నేవి. పెద్ద డాక్టరు అపాయింట్‌మెంటుకి పద్నాలుగు నెలలు ఆగమని ఉత్తరం వచ్చింది.

పక్కింటాయన పేరు మాసీ. డెబ్బై దాటాయి. ఒకప్పుడు పాడి పశువుల రైతు, ఇప్పుడు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ప్రసాద్ కుర్చీలోంచి జారిపడినప్పుడల్లా గిరిజ గోడ మీద నుంచి కేకేస్తే వచ్చి లేపేవాడు. ఒకసారి అలా లేపుతుంటే మాసీ పక్కటెముకల్లో కూడా తన్ను పడింది. మర్నాడు పొద్దున రెండిళ్ళ మధ్య గోడ మీద బ్రెడ్ సంచి ఒకటి కనిపించింది. అందులో ఎండిన ఆకు, పువ్వు.

"మా గాజు షెడ్డులో టమాటాల మధ్య మూడు మొక్కలున్నాయి, నా మోకాళ్ళ కోసం," అన్నాడు మాసీ, ఆవిడ మొహంలోకి చూడకుండా. "పొగ తాగించకు. నూనెలో వెయ్యి. నూనె సంగతి నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. గిరిజ నాన్న తెనాలిలో ఆయుర్వేదం కొట్టు నడిపేవాడు. కొట్టు వెనక రేకుల పంచలో తైలాలు కాస్తుంటే గరిటె తిప్పుతూ పెరిగిన పిల్ల ఆవిడ. అయినా ఆ సంచిని ప్రెస్‌లో, అంటే వంటింటి అలమరలో, కందిపప్పు డబ్బా వెనక దాచి, రెండు రోజులు ఆ ప్రెస్ తలుపే తెరవలేదు. మూడో రోజు భర్తకి స్నానం చేయిస్తుంటే కాలు బిగుసుకుని, ఆయన తల గోడకి కొట్టుకుని చిట్లింది. ఆ రక్తం కడిగేసి, తిన్నగా వంటింట్లోకి వచ్చి కొబ్బరినూనె పొయ్యి మీద పెట్టింది.

సన్నని సెగ. మాడకూడదు, పొగ రాకూడదు. గుడ్డ వత్తి నూనెలో ముంచి వెలిగిస్తే చిటపటలాడకుండా వెలగాలి. అప్పుడే పాకం కుదిరినట్టని నాన్న చెప్పేవాడు. వాసన మటుకు దాగలేదు. ఫ్యాను వేసింది, పక్క పొయ్యి మీద ఆవాలూ ఇంగువా వేసి తిరగమోత పెట్టింది. "నా షెడ్డు దాకా వచ్చింది వాసన," అన్నాడు మాసీ సాయంత్రం.

పప్పన్నంలో కొంచెం కలిపి పెట్టింది. కాసేపటికి ప్రసాద్ తన కాళ్ళ వంక వింతగా చూసుకుని, "గిరిజా, ఇవి నా కాళ్ళలాగే ఉన్నాయే," అన్నాడు. మూడు వారాలు ఇల్లు ఇల్లులా ఉంది. కప్పు ఆయనే పట్టుకుని టీ తాగాడు.

అన్నీ మంచి రోజులే అని కాదు. ఒకరోజు మోతాదు మించింది. పైకప్పు కిందికి దిగి వస్తోందని ప్రసాద్ బెదిరిపోయాడు. దగ్గరికి వెళ్ళిన గిరిజని ఎవరో అనుకుని పిడికిలి బిగించి మొహం మీద గుద్దాడు. ఆ దెబ్బ కాలిది కాదు, జబ్బుది కాదు, ఆయనదే. తేరుకున్నాక భార్య కంటి కింద వాపు చూసి ఏడ్చాడు. ఆవిడ ఇంక నూనె కొలిచే చెంచా పక్కన పడేసి, ఉప్పు డబ్బాలో ఉండే బుల్లి చెంచా తీసుకుంది.

కూతురు లోహిత వాటర్‌ఫోర్డ్‌లో నర్సింగ్ చదువుతోంది. ఆదివారం ఇంటికొచ్చి, పొయ్యి పక్కన వెచ్చగా ఉంచిన పచ్చటి నూనె సీసా మూత తీసి వాసన చూసింది.

"మామ్, ఆర్ యూ మ్యాడ్? వీడ్? గంజాయి?"

"మీ నాన్నకి మందు."

"గార్డ్స్‌కి తెలిస్తే?" ఇక్కడి పోలీసుల్ని గార్డులంటారు. "ఐ'ల్ బీ ఎ నర్స్, మామ్. నన్ను రిజిస్టరే చెయ్యరు!"

"నాన్న కప్పు పట్టుకుంటున్నారే. నువ్వు చూశావా?"

లోహిత చూడలేదు. సీసా సింకులో బోర్లించింది. గిరిజ ఆపబోయేసరికి సగం పోయింది, లాక్కునేసరికి మిగతాది పోయింది. గిరిజ చెయ్యి దానంతటదే లేచింది. లోహిత బుట్టెడు అల్లరి చేసిన వయసులో కూడా తినని దెబ్బ అది. ఇరవై ఏళ్ళ పిల్ల చెంప పట్టుకుని తల్లిని చూసి, బ్యాగు తీసుకుని బస్సెక్కింది.

సోమవారం ప్రసాద్ కాళ్ళు మళ్ళీ మొదలెట్టాయి. మంగళవారం గిరిజకి సెలవు. పొద్దున పదకొండింటికి మిగిలిన ఆకుతో మళ్ళీ నూనె కాస్తోంది. పాకం దగ్గరపడిందేమోనని వత్తి వెలిగించి చూస్తోంది. పెరటి తలుపు తెరుచుకుంది. మాసీ అనుకుని వెనక్కి తిరిగింది.

మాసీ కాదు. ఇద్దరు మగాళ్ళు. ముప్ఫై ఏళ్ళున్న ఒకడి చేతిలో హర్లీ కర్ర ఉంది, ఇక్కడి వాళ్ళు బంతాటకి వాడే, చివర వెడల్పుగా ఉండే గట్టి కర్ర. రెండోవాడు బూడిదరంగు జాకెట్టు వేసుకున్నాడు. పబ్బులో మాసీ రెండు గ్లాసులు ఎక్కువ తాగి, పక్కింటి ఇండియన్ ఆవిడ గంజాయి నూనె కాస్తుందని గొప్పగా చెప్పుకున్నాడని గిరిజకి తరవాత తెలిసింది. ఆవిడ ఊళ్ళో తెలుగువాళ్ళకి పచ్చళ్ళు కట్టి పంపే డబ్బాలు చూసి, ఇంట్లో పెద్ద వ్యాపారమే నడుస్తోందని వీళ్ళు లెక్క వేసుకున్నారు.

"మొక్కలెక్కడ?" అన్నాడు కర్ర ఉన్నవాడు.

"మొక్కలు లేవు. ఈ గిన్నెలో ఉన్నదే. తీసుకుపోండి."

నమ్మలేదు. జాకెట్టువాడు ప్రెస్‌లన్నీ తెరిచి చేతికందినవి కిందకి లాగేశాడు. ఆవకాయ జాడీలు పగిలి నేలంతా ఎర్రగా అయింది. ఇంట్లో గంజాయి మొక్కలు పెంచడానికి పెట్టే దీపాలు అటక మీదుంటాయని వాడు మేడ మీదికి పరిగెత్తాడు. కర్ర ఉన్నవాడు ముందుగదిలో ప్రసాద్ కుర్చీ ముందు నిలబడ్డాడు.

"నువ్వు చెప్పు. ఎక్కడ పెట్టారు?"

ప్రసాద్ నోరు తెరిచాడు. మాట రాలేదు, కాలు వచ్చింది. బిగుసుకున్న కాలు ఈడ్చి వాడి పొత్తికడుపులో తన్నింది. వాడు వంగిపోయి, లేచి, కర్ర ఎత్తి ప్రసాద్ తుంటి మీద కొట్టాడు. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు వంటింట్లోకి వినిపించింది. కుర్చీ పక్కకి ఒరిగింది. నేల మీద పడ్డ మనిషి కాళ్ళు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. అవి ఎగిరిన కొద్దీ వాడు తిరగబడుతున్నాడనుకుని ఇంకొకటి వేశాడు, భుజం మీద.

"ఆయన కొట్టట్లేదు! అది జబ్బు!" అని గిరిజ ఇంగ్లీషులో అరిచింది. తరవాత తెలుగులో అరిచింది. మూడోసారి కర్ర పైకి లేచింది. ఈసారి తల మీదికి.

గిరిజ పొయ్యి మీది గిన్నె రెండు చేతులా పట్టుకుని ముందుగదిలోకి ఉరికింది. గుడ్డ కోసం వెతకలేదు. నూనెంతా వాడి మొహం మీద, మెడ మీద పడింది. వాడు పెట్టిన కేక మనిషి గొంతులోంచి వచ్చినట్టు లేదు. కర్ర వదిలేసి మొహం గీరుకుంటూ వంటింట్లోకి తూలి ఆవకాయలో జారి పడ్డాడు. మేడ మీద నుంచి దిగిన జాకెట్టువాడు గుమ్మంలోంచి ఒక్కసారి చూసి, పెరటి గోడ దూకి పోయాడు.

అక్కడితో ఆగి ఉంటే గిరిజ కథ ఒకలా ఉండేది. ఆవిడ కర్ర తీసుకుంది. కింద పడి పొర్లుతున్నవాణ్ణి కొట్టింది. చేతుల మీద, వీపు మీద, మోచేతి మీద. ఐదు దెబ్బల దాకా ఆవిడకి గుర్తుంది. తొమ్మిదేళ్ళుగా తిన్న తన్నులన్నీ ఆ చేతుల్లోకి వచ్చాయి.

"గిరిజా, ఇక చాలు," అన్నాడు ప్రసాద్ నేల మీద నుంచి. "చచ్చిపోతాడు."

కర్ర జారిపోయింది. వాడు "మామ్, మామ్," అని మూలుగుతున్నాడు. కాలినవాళ్ళని ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళ కింద ఉంచాలని వృద్ధాశ్రమంలో ఏటా శిక్షణ ఇస్తారు. గిరిజ 999కి ఫోను చేసి, అంబులెన్సు రెండు కావాలనీ గార్డులు కూడా రావాలనీ చెప్పింది. భర్త తల కింద దిండు పెట్టింది. తరవాత వాడి చంకల కింద చేతులేసి పెరట్లోకి ఈడ్చుకెళ్ళి, మొక్కలకి పెట్టే పైపు వాడి మొహం మీద పట్టింది. వాడు పెనుగులాడితే వాడి ఛాతీ మీద మోకాలు వేసి పట్టింది. బొబ్బలెక్కుతున్న తన అరచేతుల మీద కూడా ఆ నీళ్ళే పడ్డాయి.

గార్డుల్లో ఒకామె గిన్నె వాసన చూసి, "ఇందులో ఏముంది?" అని అడిగింది.

కొబ్బరినూనె అనొచ్చు. అబద్ధం కూడా కాదు.

"గంజాయి వేసి కాచాను, మా ఆయన కోసం," అంది గిరిజ. "ఇంకొకటి రాసుకోండి. నేను కర్రతో కొట్టినప్పుడు అతను కింద పడి ఉన్నాడు."

తరవాత వచ్చిన లాయరు ఆ వాంగ్మూలం చదివి తల పట్టుకున్నాడు. ఆకు ఎవరిచ్చారంటే మాత్రం గిరిజ నోరు విప్పలేదు. మర్నాడు మాసీయే మూడు మొక్కలూ వేళ్ళతో సహా పీకి, చంకలో పెట్టుకుని గార్డుల స్టేషనుకి నడిచాడు. "నా నోరే ఇదంతా చేసింది," అని అక్కడి బల్ల మీద పడేశాడట.

ప్రసాద్‌కి తుంటి ఎముక రెండుగా విరిగింది. ఆపరేషనయ్యాక పదకొండో రోజున, పద్నాలుగు నెలలకి కూడా దొరకని పెద్ద డాక్టరు మంచం పక్కకి నడిచొచ్చాడు. కట్లలోపల కాళ్ళు తన్నుకుంటుంటే కుట్లు నిలవడం లేదని చూసి, గంజాయితోనే చేసిన మందు, చట్టప్రకారం దొరికేదే, కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని గిరిజ కారిడార్లో నిలబడి పెద్దగా నవ్వింది. ఆ నవ్వు ఆగడానికి ఒక నర్సు వచ్చి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

లోహిత వచ్చింది. తల్లి రెండు చేతులకీ కట్లున్నాయి. ఆసుపత్రి క్యాంటీన్లో కూర్చుని డబ్బాలో తెచ్చిన పెరుగన్నం తల్లికి చెంచాతో తినిపించింది.

"నేను ఆ సీసా పారబొయ్యకపోతే నువ్వు మంగళవారం మళ్ళీ కాచేదానివి కాదుగా," అంది. కూతురు అంత పొడుగు తెలుగు మాట్లాడి చాలా ఏళ్ళయింది.

"కాచకపోతే వాడు కర్రెత్తినప్పుడు నా చేతిలో ఏముండేది?" అంది గిరిజ. "నేను నిన్ను కొట్టకుండా ఉండాల్సింది. అది వేరే సంగతి."

గంజాయి కేసులో జడ్జి ఆవిణ్ణి మందలించి, శిక్ష వెయ్యకుండా వదిలేశాడు. మాసీకి జరిమానా పడింది. కొట్టినందుకు కేసు పెట్టాలా వద్దా అని ఏడు నెలలు ఫైలు తిరిగి, అక్కర్లేదని తేలింది. ఆ ఏడు నెలలూ తలుపు చప్పుడైతే చాలు గిరిజ చేతికి కత్తిపీటో గరిటో వచ్చేది. ప్రసాద్‌ని కర్రతో కొట్టినవాడి పేరు డారా. అతనికి నాలుగేళ్ళు జైలు పడింది. ఎడమ కన్ను పోయింది. కోర్టులో అతను కూర్చున్న వైపు గిరిజ చూసింది. మెడ చర్మం కరిగి గట్టిపడ్డ మైనంలా ఉంది. తన చేతి పని అది. చూపు తిప్పుకోకుండా చూసింది.

ఇప్పుడు ప్రసాద్ ఇంటికొచ్చేశాడు. కాళ్ళు తన్నడం తగ్గింది గానీ పోలేదు. గిరిజ వంటింట్లో నూనె కాచదు.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ సూపర్‌మార్కెట్ బయట బస్సు కోసం నిలబడి ఉంటే, సంచులు మోసుకుంటూ వస్తున్న ఒకావిడ ఆగి తేరిపార చూసింది. అరవై ఏళ్ళుంటాయి.

"నువ్వేనా?" అంది. "నేను డారా తల్లిని."

గిరిజ ఔనంది. ఆవిడ సంచులు వదిలేసి గిరిజ చెంప మీద చాచి కొట్టింది. మళ్ళీ కొట్టింది. జనం ఆగి చూశారు. ఎవరో గార్డులని పిలవనా అన్నారు, గిరిజ వద్దని తల అడ్డంగా ఊపింది. మూడోసారి చెయ్యెత్తి ఆవిడే ఆగిపోయింది.

"నిద్రపోయేటప్పుడు వాడికి ఆ కన్ను మూతపడదు," అంది. "నీళ్ళు పట్టింది కూడా నువ్వేనట. పట్టకపోతే రెండో కన్నూ పోయేదని డాక్టరు చెప్పాడు. నిన్నేం చెయ్యాలో నాకు తెలియడం లేదు."

ఇంటికొచ్చాక ప్రసాద్ ఆ ఎర్రబడ్డ చెంప చూసి ఏమైందని అడిగాడు. చెప్పింది.

"నువ్వేమన్నావు?"

"ఆవిడ సంచి చిరిగి ఆలుగడ్డలు రోడ్డు మీదికి దొర్లిపోయాయి. ఏరి ఇచ్చాను. తీసుకుంది."

చెంప సాయంత్రం దాకా మండుతూనే ఉంది.