పద్నాలుగో వరస, అరవై మూడో చెట్టు

మా రాష్ట్ర విశ్వవిద్యాలయం ఆపిల్ తోటలో నలభై ఒక్క ఏళ్ళు మేస్త్రీగా పనిచేసిన ఆర్లెన్ ట్వెటెన్ ఎనిమిదో తరగతితోనే బడి మానేశాడు. అయినా విశ్వవిద్యాలయం గొప్పలు చెప్పాలంటే ఆచార్యులైనా అతని తర్వాతే.

"గోధుమలో తుప్పు తెగులుకు లొంగని విత్తనం మాది. దూడల పారుడు రోగానికి టీకా మాది. ఎముకలు కొరికే మా చలికి కూడా చావని ద్రాక్షతీగ మాది. ఇక ఆపిల్ పళ్ళంటావా, పందొమ్మిది రకాలు! దేశమంతా తింటున్నారు" అని వేళ్ళు మడిచేవాడు. ఆ పందొమ్మిదీ ఏ ఏడు పుట్టాయో, వాటి తల్లి చెట్టేదో, తండ్రి చెట్టేదో, అన్నీ అతనికి నోటికొచ్చు.

ఇరవయ్యోదాని సంగతి మాత్రం పదహారేళ్ళుగా భార్య లవోన్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ తోటలో పని ఎలా ఉంటుందంటే, గింజ నుంచి పెంచిన వేల చెట్లలో ఏ రెండూ ఒక్కలా కాయవు. శరదృతువు వచ్చిందంటే ఆర్లెన్ వరస వెంట నడుస్తూ ప్రతి చెట్టు పండూ ఒకటి కొరికి, నమిలి, ఉమ్మేసేవాడు. బాగాలేని చెట్టు మొదలు మీద నారింజరంగు గీత గీసేవాడు. గీత పడ్డ చెట్టును చలికాలంలో రంపం వాళ్ళు మరో మాట అడక్కుండా కోసేసేవారు. వందలో తొంభై తొమ్మిది చెట్లకు అదే గతి. అందుకే రుచి చూసే రోజుల్లో కాఫీ తాగకూడదు, పొగాకు ముట్టకూడదు. పండుకూ పండుకూ మధ్య ఒక ఉప్పు బిస్కెట్టు, గుక్కెడు నీళ్ళు, అంతే. లవోన్ ఆ నెలంతా రాత్రి భోజనానికి చేసే హాట్‌డిష్ అనే వంటకంలో ఉల్లిపాయ కూడా వేసేది కాదు.

ఆ ఏడు అక్టోబరులో ఆర్లెన్‌కు దగ్గు పట్టుకుంది. పద్నాలుగో వరస సగంలో ఉండగా జేబులోంచి రెండు పిప్పరమెంటు బిళ్ళలు తీసి బుగ్గన పెట్టుకున్నాడు. అవి కరిగీ కరగకముందే అరవై మూడో చెట్టు పండు కొరికాడు. చప్పగా అనిపించింది. ఉమ్మేసి గీత గీశాడు.

నిలవ పరీక్ష కోసమని ఆ వరసలోని ప్రతి చెట్టువీ నాలుగేసి పళ్ళు సంచుల్లో కట్టి చల్లటి గదిలో పెట్టించారు, తోట పెద్ద అయిన డాక్టర్ రాయిస్ హేవర్‌క్యాంప్. మే నెలలో విప్పితే అన్నీ మెత్తబడిపోయాయి, ఒక్క సంచి తప్ప.

"ఆర్లెన్! పరిగెత్తుకు రా! ఇది కొరుకు!"

పంటి కింద మంచుగడ్డలా ఫెళ్ళుమంది. రసం గడ్డం మీదుగా కారింది. ఏడు నెలలు నిలవున్న పండు! డాక్టర్ ముప్ఫై ఏళ్ళుగా వెతుకుతున్నది సరిగ్గా దానికోసమే. ఇద్దరూ బండిలో పద్నాలుగో వరసకు పోయారు. అక్కడ మళ్ళీ చిగురు వేయకుండా మందు పూసిన మొద్దు మిగిలింది. గింజ నాటితే అదే పండు రాదు. అంటు కట్టడానికి పుల్లైనా కావాలి. కొమ్మలన్నీ ఫిబ్రవరిలోనే తగలబెట్టేశారు.

డాక్టర్ ఆ మొద్దు మీద కూర్చుండిపోయారు. "వరస తొందరగా ఖాళీ చెయ్యమని నీ మెడ మీద కూర్చుంది నేనే కదయ్యా. తప్పు నాది" అన్నారు.

ఆర్లెన్ వంగి మొద్దు మీది నారింజరంగు గీతను గోటితో గీకాడు. ఆ ఏటి నివేదికలో డాక్టర్ అలాగే రాశారు కూడా: పద్నాలుగు, అరవై మూడు, నా తొందరపాటు వల్ల పోయింది. ఏటేటా కొత్త విద్యార్థులకు తన బుద్ధితక్కువతనానికి ఉదాహరణగా దాన్నే చెప్పేవారు. ఆర్లెన్ వెనక నిలబడి బూట్లకేసి చూసుకునేవాడు.

మొన్న తోటకు నూరేళ్ళు నిండాయని విందు పెట్టారు. ఇద్దరూ ఎప్పుడో ఉద్యోగ విరమణ చేసినవాళ్ళే. డాక్టరుకు ఎనభై నాలుగు. బయల్దేరేముందు లవోన్, "ఇవాళైనా చెప్తావా, నన్ను చెప్పమంటావా? ఆయన పోయాక సమాధి దగ్గర గొణుగుతావా ఏంటి?" అని నిలదీసింది.

వేదిక మీద ఎవరో పందొమ్మిది పేర్లూ చదివారు. చప్పట్లు మోగాయి. డాక్టర్ పక్కకు వంగి, "ఇరవై ఉండాల్సింది ఆర్లెన్. నా మూలాన పోయింది" అన్నారు.

"మీ మూలాన కాదు డాక్టర్. ఆ రోజు నా నోట్లో పిప్పరమెంటు ఉంది."

"ఏంటీ?"

"దగ్గొస్తోందని రెండు బిళ్ళలు వేసుకున్నా. రుచి తెలీకుండానే గీత గీసేశా. మీరు నెత్తిన వేసుకుంటుంటే... ఊరుకున్నా."

డాక్టర్ బల్లగుడ్డ మడతలు సర్దడం మొదలుపెట్టారు. తిడితే బాగుండుననిపించింది ఆర్లెన్‌కు.

"నేను తిన్నది ఏడు నెలలు చల్లటి గదిలో మగ్గిన పండు" అన్నారు చివరికి. "చెట్టు మీంచి అప్పుడే కోసి తిన్నవాడివి లోకంలో నువ్వొక్కడివే. ఎలా ఉందో చెప్పు. పులుపుందా? వాసనేమన్నా వచ్చిందా?"

ఆర్లెన్ కళ్ళు మూసుకున్నాడు. పందొమ్మిదింటి తొలి రుచులు ఇప్పటికీ అతని నాలుక మీద వేటికవే ఉన్నాయి. అడిగితే ఒక్కొక్కటీ వర్ణించి చెప్పగలడు. అరవై మూడో చెట్టు దగ్గరికి వచ్చేసరికి చల్లగా, ఘాటుగా ఆ బిళ్ళ ఒక్కటే తగిలింది.

"పిప్పరమెంటు, డాక్టర్" అన్నాడు. "ఇంకేం గుర్తు లేదు."

డాక్టర్ తలూపారు. ఎదుటి పళ్ళెంలోంచి ఒక ఆపిల్ ముక్క తీసుకున్నారు గానీ తినలేదు, అలాగే చేతిలో పట్టుకుని కూర్చున్నారు.