బెల్టు లేని కుక్క

గుంటూరులో మా బావ హైదరాబాదు నుంచి లాబ్రడార్ కుక్కని తెచ్చుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కన్నా ముందు దాని మెడ చూపించేవాడు.

"ఇక్కడ నొక్కి చూడు. తగిలిందా? బియ్యపు గింజంత చిప్పు. అందులో నంబరుంటుంది. ఎక్కడ తప్పిపోయినా మనదేనని తేలిపోతుంది."

"ఆ నంబరు చదివే మిషనేది బావా?"

"ఇక్కడెక్కడిది? హైదరాబాదులో ఉందట."

అంటే తప్పిపోయిన కుక్క ముందు హైదరాబాదు బస్సెక్కాలన్నమాట. నాకు మా నాయనమ్మ కుక్క గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. బావకి కోపమొచ్చింది.

నాయనమ్మ కుక్క సంగతి తొంభైల చివరిది. దర్శి దగ్గర మా ఊళ్లో మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజులు. పిచ్చికుక్క ఎవరినో కరిచిందని పంచాయతీవాళ్లు టముకు వేయించారు. రేపు కుక్కలు పట్టేవాళ్లొస్తారు, మెడలో బెల్టో తాడో ఉంటే వదిలేస్తారు, లేకపోతే తీసుకెళ్లి చంపేస్తారు.

తెల్లారేసరికి మా ఊళ్లో వీధికుక్క అనేదే లేకుండా పోయింది. నిన్నటిదాకా రాయి పుచ్చుకుని తరిమినవాళ్లే జాలిపడి తలా ఒకదానికి ఏదో ఒకటి కట్టేశారు. గోతాలు కుట్టే పురికొస, పాత రిబ్బను, కాన్వెంటు పిల్లల టై. టీ కొట్టు ముందు పడుకునే గజ్జికుక్క ఆ టై కట్టుకుని హెడ్మాస్టరులా తిరిగింది.

ఊరంతటికీ నిజంగా పెంచుకున్న కుక్క ఒక్కటే, మా నాయనమ్మది. దాని మెడే బోసిగా ఉంది. తాడు చూపిస్తే చాలు, కరవడానికి వచ్చేది. పేరు కూడా లేదు, "ఇదిగో" అంటే వచ్చేది. నాయనమ్మ కల్లంలో మంచం వేసుకుని కాయలకి కాపలా పడుకుంటే, అది మంచం కింద పడుకునేది. తాత పోయాక ఆమె కబుర్లన్నీ దానితోనే.

"దీన్నెవడు పడతాడ్రా? ఇది నాదని ఊరంతా తెలుసు," అంది. ఊరికి తెలుసు. కుక్కలు పట్టేవాళ్లది పొరుగూరు.

వాళ్లు వీధులన్నీ తిరిగారు. ఎక్కడ చూసినా బెల్టులే. ఒట్టి చేతుల్తో పోతే బాగుండదనుకున్నారో ఏమో, పోతూ పోతూ మా కల్లంలోకి దిగారు. నాయనమ్మ అప్పుడు ఇంట్లో అన్నం తింటోంది. కబురు వినగానే చెయ్యి కడుక్కోకుండా, చెప్పులు వేసుకోకుండా పరిగెత్తింది. వెనకాలే నేను. ఆమె అలా పరిగెత్తడం ఎప్పుడూ చూడలేదేమో, నాకు దారిలోనే ఏడుపొచ్చేసింది.

ఒకతను పొడుగు కర్ర చివర తాడు ఉచ్చుతో దాన్ని బండి వైపు ఈడుస్తున్నాడు. అది కాళ్లు తన్నిపట్టి, ఎండిన కాయల మీద గింజుకుంటోంది.

"ఒరేయ్, వదలరా! అది నాది!"

"నీదైతే బెల్టేది మామ్మా? పంచాయతీ ఆర్డరు. మెడ బోసిగా ఉంటే ఎక్కించాల్సిందే. నన్నేం చెయ్యమంటావు?"

నాయనమ్మ రొప్పుతూ అతన్నీ, ఉచ్చునీ చూసింది. తర్వాత ఎంగిలి చేత్తోనే కుక్క మెడ చూపించింది.

"కళ్లు కనపడట్లా? అదేంట్రా దాని మెడలో?"

"అది నా తాడు మామ్మా! నేనేసిందే!"

"ఎవడేస్తే ఏంట్రా? తాడుంటే వదిలెయ్యాలని టముకు వేయించారా లేదా? ఎవరు కట్టాలో చెప్పారా? ఆ గజ్జిదానికి టై దాని బాబొచ్చి కట్టాడా? వదులు!"

చుట్టూ చేరినవాళ్లు పకపకా నవ్వారు. "నిజమే, తాడుందిగా," అన్నాడొకడు. పట్టినతనికీ నవ్వొచ్చింది. ఉచ్చు విప్పబోతే కుక్క అతని చెయ్యి అందుకోబోయింది. "నీకో దండం మామ్మా," అని కర్ర దగ్గర తాడు కోసేసి బండెక్కాడు.

నాయనమ్మ కాయల మీదే కూలబడింది. "సచ్చినదానా, పోయేదానివి గదే," అని దాన్ని తిడుతూ ఏడ్చింది. మెల్లగా ఉచ్చు వదులు చేసింది. అది కిక్కురుమనలేదు.

"తీసెయ్యి నాయనమ్మా," అన్నాను.

"ఉండనీ. మళ్లీ వస్తే?"

ఆ తాడు ఇక తియ్యలేదు. ఏ తాడూ కట్టనివ్వని ఆ కుక్క, తనని చంపడానికి వేసిన తాడుతోనే ఏళ్ల తరబడి బతికింది.