సుద్దముక్క ఆగిన చోటు

మా లెక్కల సారుకు ఒక అలవాటుండేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ అయి బడి కిటికీలు గడగడలాడగానే బోర్డు మీద లెక్క రాయడం ఆపి, తల మాత్రం మా వైపు తిప్పేవారు.

"ఏడున్నం పిల్లలూ? మర్చిపోయిన."

ట్యూషన్‌కు పోయేవాళ్లు ఆఖరి జవాబు అరిచేవాళ్లు.

"గది మీ ట్యూషన్ సారు చెప్పిండు. నేను ఏడిదాక వచ్చిన్నో చెప్పుండ్రి" అని నవ్వేవారు. ఆ చూపు చివరికి నా బెంచీ మీద ఆగేది. నాకు తెలిసేది, కానీ నోరు పెగిలేది కాదు.

పరీక్షలు దగ్గరపడ్డాక ఒకరోజు ఎట్లాగో అన్నాను: "సమానానికి రెండు దిక్కుల తొమ్మిది తీసేసిన్రు సార్."

"బతికించినవ్ బిడ్డా!" అంటూ ఆయన పక్కకు జరిగారు. అంతసేపూ ఆయన వీపు చాటున సుద్దముక్క ఆ తొమ్మిది పక్కనే ఆని ఉంది.

సారు రిటైరై వెళ్లిపోయారు. ఇప్పుడు నేను మా క్వార్టర్ ముందుగదిలో ట్యూషన్ చెప్తున్నాను. కిటికీ అదిరినప్పుడు నేనూ ఆగి, అదే అడుగుతాను. మూలన కూర్చునే అమ్మాయి పెదవులు కదులుతాయి, మాట రాదు.

"జల్ది జవాబు చెప్పుండ్రి మేడం, టైమైతుంది" అంటారు మిగతావాళ్లు.

నా కోసం ఏడాదంతా ఎట్ల ఆగిన్రు సార్ అని ఆయన్ను ఒక్కసారి అడగాలనిపిస్తుంది. బోర్డు మీద నుంచి చెయ్యి మాత్రం తీయను.